పిరమిడ్ల కంటే పాత ఊరు.. అప్పుడు బయటపెట్టిన సముద్రమే ఇప్పుడు మింగేస్తుందా?

ఈజిప్టులో గ్రేట్ పిరమిడ్ పని ఇంకా మొదలే కాలేదు. అప్పటికే స్కాట్లాండ్‌కు ఉత్తరాన, ఆర్క్‌నీ దీవుల్లో ఓ ఊరు ఉంది. పేరు స్కారా బ్రే. వయసు సుమారు 5 వేల ఏళ్లు. రాతి మంచాలు, రాతి అల్మారాలు, నీళ్లు పోయేందుకు కాలువలు.. అన్నీ ఇప్పటికీ కనిపిస్తాయి. అందుకే ప్రపంచం నలుమూలల నుంచి టూరిస్టులు ఇక్కడికి వస్తుంటారు. అయితే ఈ ఊరు ఇంకెంత కాలం నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

తుఫానుతో బయటపడింది

1850 చలికాలంలో ఆర్క్‌నీని పెద్ద తుఫాను కుదిపేసింది. తీరంలోని ఇసుక దిబ్బ మీద గడ్డి పొర లేచిపోయింది. కింద రాతి గోడలు కనిపించాయి. ఆ భూముల యజమాని విలియం వాట్ తవ్వించడం మొదలుపెట్టారు. 1920ల చివర్లో పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు.

ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

ఆర్క్‌నీలో చెట్లు చాలా తక్కువ. పలకలుగా చీలే రాయికి మాత్రం కొదవ లేదు. అందుకే మంచం, అల్మారా కూడా రాతితోనే చేసుకున్నారు. అదే చెక్కతో చేసి ఉంటే ఎప్పుడో పుచ్చిపోయేది. ప్రతి ఇంట్లో మధ్యలో పొయ్యి, రెండు వైపులా మంచాలు, గుమ్మానికి ఎదురుగా అల్మారా. చలి తగలకుండా గోడల చుట్టూ పాత చెత్తనే దట్టంగా నింపారు. జనం వెళ్లిపోయాక ఇసుక కప్పేయడంతో ఊరు భద్రంగా ఉండిపోయింది.

ఇప్పుడు ముప్పేంటి?

ఊరు కట్టినప్పుడు సముద్రం దూరంగా ఉండేది. కోతకు నేల కరిగిపోతూ ఇప్పుడు అలలు పక్కకే వచ్చేశాయి. 1920ల్లో మరో తుఫాను ఒక ఇంట్లో కొంత భాగాన్ని లాక్కెళ్లింది. దాంతో అడ్డుగోడ కట్టారు. ముందు వైపు ఆ గోడ కాపాడుతోంది. కానీ గోడ లేని రెండు పక్కలా తీరం కోతకు గురవుతోంది. సముద్ర మట్టం పెరగడం, తుఫాన్ల తీవ్రత వల్ల ఇక్కడి వారసత్వ కట్టడాలకు ముప్పు చాలా ఎక్కువని 2019లో నిపుణులు తేల్చారు.

వెళ్లాలంటే ఎలా?

స్కాట్లాండ్ ఉత్తర తీరంలోని స్క్రాబ్‌స్టర్ నుంచి స్ట్రామ్‌నెస్‌కు ఫెర్రీలో సుమారు గంటన్నర ప్రయాణం. దారిలో సముద్రంలోంచి 137 మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన రాతి స్తంభం 'ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్' కనిపిస్తుంది. స్కారా బ్రేతో పాటు రింగ్ ఆఫ్ బ్రాడ్గర్ రాతి వలయం, మేస్‌హౌ సమాధి కూడా 1999లో యునెస్కో జాబితాలో చేరాయి. చలికాలంలో పగలు అతి తక్కువగా ఉండే రోజుల్లో అస్తమించే సూర్యుడి వెలుగు మేస్‌హౌ లోపలి గది వరకు వెళ్తుంది. గోడల మీద 12వ శతాబ్దంలో చెక్కిన వైకింగ్ రాతలు కూడా ఉన్నాయి.

వేసవిలో వెళ్తే పగలు ఎక్కువ. జూన్‌లో రాత్రి 10 దాటినా వెలుతురే. గాలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది, జాకెట్ తప్పనిసరి. స్కారా బ్రేలో అసలు ఇళ్లలోకి దిగనివ్వరు, పైనున్న బాట మీద నుంచే చూడాలి. లోపలికి వెళ్లి చూడాలనుకునే వాళ్ల కోసం పక్కనే అచ్చం అలాంటి ఇంటినే కట్టి ఉంచారు. సముద్రం నుంచే కాదు, మనుషుల కాళ్ల కింద కూడా ఈ రాళ్లు అరిగిపోకూడదు కదా.