స్ట్రెంగ్త్ నిండుగానే ఉంది, వానలో బొమ్మ ఎందుకు పోయింది?

ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసింది కాస్త వివరంగా రాయమన్నారు, ఇదిగో.

హుఫూఫ్‌లో వాన పడేది ఏడాదికి కొన్ని రోజులే. కానీ పడితే గట్టిగా పడుతుంది. క్యాంపులో టీవీ బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. వెంటనే ఎవడో ఒకడు డిష్ తిప్పుదామని పైకెక్కుతాడు. ఎక్కేముందు రిసీవర్ మెనూలో రెండు బార్లు చూడండి.

స్ట్రెంగ్త్ అంటే డిష్‌కి అందిన మొత్తం పవర్. మన ఛానల్, పక్క శాటిలైట్ నుంచి చొరబడింది, ఉత్త రొద, అన్నీ కలిపి. క్వాలిటీ అంటే ఆ గోలలో మన సిగ్నల్ ఎంత పైకి తేలి ఉందో. వానలో మొదటిది కొంచెమే తగ్గి, రెండోది సున్నాకి పడిపోవచ్చు.

మన డిష్‌లు పట్టేది కేయూ బ్యాండ్, సుమారు 11, 12 గిగాహెర్ట్జ్. తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. చినుకులు దాన్ని బాగానే మింగేస్తాయి, పైగా వాన తన రొద కూడా కలుపుతుంది. ఊళ్లో కేబుల్ ఆయన పెద్ద డిష్ పట్టేది సీ బ్యాండ్, తరంగం పొడవు దాదాపు మూడింతలు. దానికి వాన అంతగా అంటదు.

ఇక పక్కవాడి సంగతి. బద్ర్ శాటిలైట్లు 26 డిగ్రీల తూర్పున, ఇంకో అరబ్‌శాట్ 30.5 దగ్గర ఉన్నాయి. మన దారిలో కుండపోత, పక్క దారిలో తుంపర అయితే మన సిగ్నల్ తగ్గుతుంది, వాడిది అలాగే ఉంటుంది. అంతకుముందు వినపడని వాడి గొంతు అప్పుడు అడ్డమొస్తుంది. రెండు దారుల్లోనూ ఒకేలా కురిస్తే ఇద్దరూ తగ్గుతారు, అప్పుడు పక్కవాడి తప్పేం లేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది చినుకు ఆకారం. పెద్ద చినుకు గుండ్రంగా ఉండదు, పడేటప్పుడు గాలి ఒత్తిడికి బన్నులా అడుగు చదునవుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో అడ్డం ఒక ఛానల్, నిలువు ఒక ఛానల్ పంపుతారు కదా. హుఫూఫ్‌కి ఆ తరంగం వాలుగా వస్తుంది, ఎల్ఎన్‌బీని వంచి బిగించేది అందుకే. వాలుగా వచ్చిన తరంగాన్ని బన్ను చినుకు ఇంకాస్త తిప్పేస్తుంది. ఒక ఛానల్ ఇంకోదాంట్లోకి కారుతుంది.

నైల్‌శాట్ పెట్టుకున్నవాళ్లకి బొమ్మ ముందే పోతుంది. 26 డిగ్రీలది ఇక్కడ ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తున ఉంటే, నైల్‌శాట్ 22 దగ్గరే. ఏటవాలు దారి కాబట్టి రెట్టింపు వాన దాటి రావాలి.

మనవాళ్లూ దీన్ని కొలిచారు. 2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-14లో, వాతావరణం సిగ్నల్‌ని ఎంత తగ్గిస్తుందో చూడ్డానికే రెండు కేఏ బ్యాండ్ బీకన్లు పెట్టారు. తిరుపతి దగ్గర గాదంకిలో చినుకుల సైజులు కొలుస్తారు.

తమ్ముళ్లూ, వానలో డిష్ ముట్టుకోకండి. పిట్టగోడ లేని తడి కప్పు, పైన ఉరుములు. పైగా వానలో తిప్పింది వాన ఆగాక తప్పే అవుతుంది. మబ్బు పోతే సిగ్నల్ దానంతటదే వస్తుంది. ఎండ రోజున క్వాలిటీ బార్ చూస్తూ ముందు డిష్, తర్వాత ఎల్ఎన్‌బీ వంపు సరిచేయండి. స్ట్రెంగ్త్ చూసి కాదు. తలా కొంత వేసుకుని 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90ది కొంటే సిగ్నల్ రెండింతలకు పైగా అందుతుంది, పక్కవాడూ తక్కువ చొరబడతాడు.