పోలీసు అడిగితే నర్సు ఇచ్చేయాలా?

సైటు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే మనోళ్ల నోట మొదట వచ్చే మాట 'ఆస్పత్రికి పోతే పోలీసులొస్తారేమో' అని. అది ఊళ్లో అలవాటైన భయం. అక్కడ యాక్సిడెంటైనా, కొట్లాటైనా 'ఎమ్మెల్సీ' అని రాసి పోలీసులకు కబురు పెడతారు. కేసు గొడవలకు జడిసి డాక్టర్లు వెనకాడుతుంటే, ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాతేనని 1989లో పరమానంద్ కటారా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ భయాన్నే మూటగట్టుకుని మేమంతా కెనడా వచ్చాం. కానీ ఇక్కడి పద్ధతి వేరు.

రక్తం సీసా తెచ్చిన తీర్పు

1982లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో ఒకాయన కారు రోడ్డు దిగి గుంటలో పడింది. ఆస్పత్రిలో డాక్టరు గాయం నుంచి కారుతున్న రక్తాన్ని చికిత్స కోసమని సీసాలో పట్టి, తర్వాత దాన్ని పోలీసు చేతికిచ్చాడు. వారంటు లేదు, రోగి ఒప్పుకోలూ లేదు. డైమెంట్ కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో 1988లో కెనడా సుప్రీంకోర్టు అది చార్టర్ 8వ సెక్షన్‌కు విరుద్ధమని తేల్చింది. ఆ రక్తపరీక్షను సాక్ష్యంగా ఒప్పుకోలేదు. వైద్యం కోసం తీసింది వైద్యానికే అన్నమాట.

అలాగని పోలీసుకు దారే లేదనుకోవద్దు. ప్రమాదంలో ఎవరైనా గాయపడి, డ్రైవరు తాగి ఉన్నాడన్న అనుమానానికి ఆధారముండి, అతను ఒప్పుకోలు చెప్పే స్థితిలో లేకపోతే వారంటు తెచ్చుకోవచ్చు. ఫోన్ మీద కూడా అడగొచ్చు. అప్పుడైనా రక్తం తీస్తే రోగికి హాని లేదని డాక్టరు అనుకోవాలి.

తుపాకీ గాయమైతే..

ఒంటారియోలో 2005 నుంచి తుపాకీ గాయంతో ఎవరొచ్చినా ఆస్పత్రి పోలీసులకు చెప్పి తీరాలి. కానీ చెప్పాల్సింది కొంతే. గాయం సంగతి, తెలిస్తే పేరు, ఏ ఆస్పత్రి అన్నది, అంతే. అదీ చికిత్సకు అడ్డు రాకుండా, నోటిమాటగా. అల్బర్టా, మానిటోబా, సస్కచెవాన్, బ్రిటిష్ కొలంబియాల్లో కత్తిపోట్లకూ ఇలాంటి చట్టాలొచ్చాయి. పోలీసు భయంతో గాయపడ్డవాళ్లు ఆస్పత్రికే రారేమోనని వైద్యుల్లో కొందరు అప్పట్లో అభ్యంతరం చెప్పారు. మన వాళ్లను చూస్తే ఆ మాట తీసిపారేయలేం.

పక్క దేశంలో చేతులకు బేడీలు

అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ నర్సు అలెక్స్ వబుల్స్ సంగతి ప్రపంచమంతా చూసింది. 2017 జూలైలో స్పృహలేని ట్రక్కు డ్రైవరు రక్తం కావాలని డిటెక్టివ్ పట్టుబట్టాడు. ఆ డ్రైవరు నిందితుడు కాదు, ప్రమాదంలో కాలిపోయిన బాధితుడు. వారంటు లేదు, ఒప్పుకోలు లేదు, అరెస్టూ లేదు కాబట్టి కుదరదని ఆమె ఆస్పత్రి నియమాలు చదివి వినిపించింది. బేడీలు వేసి లాక్కెళ్లారు. వీడియో బయటకొచ్చాక ఆ డిటెక్టివ్ ఉద్యోగం పోయింది. ఆమెకు 5 లక్షల డాలర్ల పరిహారం దక్కింది.

మనకేంటి?

వర్క్ పర్మిట్ మీద ఉన్నాం, మనకివన్నీ వర్తిస్తాయా అని కొందరి అనుమానం. చార్టర్ 8వ సెక్షన్ పౌరులకని అనలేదు, ప్రతి ఒక్కరికీ అంది. 1985లో సింగ్ కేసులో కెనడా పౌరులు కాని శరణార్థుల మొర విని, సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది.

కాబట్టి దెబ్బ తగిలితే దాచుకుని గదిలో పడుకోవద్దు. ఏం మింగారో, ఏం తాగారో నర్సుకు నిజం చెప్పండి. మత్తుమందు మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. భాష రాకపోతే దుబాసీని అడగండి. పోలీసులు అదుపులోకి తీసుకుంటే లాయరుతో మాట్లాడే హక్కుంది.

ఇంకోమాట. కుర్రాడికెలా ఉందని మాలాంటి సూపర్‌వైజర్లు ఫోన్ చేసినా నర్సు అతని అనుమతి లేనిదే వివరాలు చెప్పదు. మాకు కోపమొస్తుంది నిజమే. కానీ మమ్మల్ని ఆపిన ఆ గడపే వారంటు లేని పోలీసునూ ఆపుతోంది.