మొక్కకొక పుస్తకం

మన హెబ్బగోడిలో విశాలమైన పెరడుగల ఇళ్ళు ఇప్పుడు అరుదైపోయినవి. ఒకవంక ఎలక్ట్రానిక్ సిటీ, మరొకవంక బొమ్మసంద్ర పెరిగిన కొద్దీ ఇంటికీ ఇంటికీ మధ్య జాగా తగ్గుతూ వచ్చింది. అయినా తెలుగువారి ఇంటిని గుర్తుపట్టడం కష్టం కాదు. వాకిట తులసి, గోడవారగా కరివేపచెట్టు, మేడమీద నాలుగు కుండీలలో మల్లె, కనకాంబరం, గోంగూర లేని ఇల్లు తక్కువ. మొక్కలు ఉన్నవి. వాటి పేర్లే మెల్లగా మన ఇళ్ళలోనుంచి జారిపోతున్నవి.

ఈ తరం పిల్లలకు వామాకు చూపి ఇదేమిటని అడిగితే 'దొడ్డపత్రె' అంటారు. మునగను 'నుగ్గె' అంటారు. అందులో తప్పేమీ లేదు. మనం బ్రతుకుతున్న ఊరి భాష అది, మనకు అన్నం పెట్టిన భాష. అయితే మూడు నాలుగు తరాలుగా ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలలో ఇంకొక లోటు ఉన్నది. పిల్లలు తెలుగు ధారాళంగా మాట్లాడుతారు, బడిలో కన్నడమూ ఇంగ్లీషూ చదువుతారు, తెలుగు అచ్చు కనబడితే మాత్రం పెద్దల ముఖం చూస్తారు. తాతగారి బీరువాలోని పుస్తకాలు వారికి వట్టి అట్టలు.

ఈ రెండు లోట్లకూ కలిపి ఒక చిన్న ఉపాయం చెప్పదలచాము. మొక్కల ప్రక్కన నాటే పేరుపలకలను పుస్తకాల ఆకారంలో చేసి, ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క తెలుగు పుస్తకం పేరు పెట్టడమే ఆ ఉపాయం. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, ఖర్చు తక్కువ, పిల్లలకు చేతినిండా పని.

పేరుపలకల పూర్వకథ

మొక్కకు పలక తగిలించడం మన నగరానికి కొత్త కాదు. 1760లో హైదరాలీ ఆరంభించిన లాల్‌బాగులో పెద్ద పెద్ద వృక్షాలకు శాస్త్రీయ నామంతో పలకలు ఉండడం అందరూ చూచినదే. 2025 ఆగస్టులో పసుపు మార్గం మెట్రో తెరిచిన తర్వాత మనకు ఆ ప్రయాణమూ సులువైనది. హెబ్బగోడిలో ఎక్కి, ఆర్.వి. రోడ్డులో బండి మారితే మూడవ స్టేషను లాల్‌బాగు. పలకలు చేయబోయే ముందు పిల్లలను ఒకసారి అక్కడకు తీసుకొనిపోవడం మంచిది.

శాస్త్రజ్ఞుల పుస్తకాలలోకి మన తెలుగు పేర్లు ఎన్నడో ఎక్కినవి. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు మొక్కలపై వ్రాసిన గ్రంథం 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడింది. అందులోని 300 చిత్రాలు మన దేశపు చిత్రకారుల చేతిపని మీద ఆధారపడినవి. వర్ణనలలో ఆ మొక్కల తెలుగు పేర్లు కూడ ఆయన చేర్చాడు. సోమిద అనే మన పేరు సోయ్‌మిడా అని ఒక వృక్షజాతికి శాస్త్రీయ నామమై లోకమంతటా నిలిచింది. 1859లో సర్ వాల్టర్ ఎలియట్ ఉత్తర సర్కారు జిల్లాల మొక్కల తెలుగు పేర్లను కూర్చి 'ఫ్లోరా ఆంధ్రికా' అనే గ్రంథమే వెలువరించాడు. సముద్రాలు దాటి వచ్చినవారు అడిగి తెలుసుకొని వ్రాసుకున్న పేర్లను మనం మన ఇంట్లో ఒక చెక్కముక్కమీదనైనా వ్రాసుకోవద్దా?

తోటనూ పుస్తకాన్నీ కలపడం కూడ లోకంలో ఉన్నదే. న్యూయార్కు సెంట్రల్ పార్కులో షేక్స్‌పియరు పేరిట ఒక తోట ఉన్నది. ఆయన నాటకాలలోనూ పద్యాలలోనూ వచ్చే మొక్కలను పెంచి, ఆ పంక్తులను కంచు పలకలమీద చెక్కి నాటారు. మన దేశంలో నక్షత్రవనాలు ఉన్నవి. కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు అని ఒక్కొక్క నక్షత్రానికి ఒక్కొక్క చెట్టు. ఆ దారిలోనే మనం మరొక అడుగు వేస్తున్నాము.

ఏ మొక్కకు ఏ పుస్తకం?

ఇక్కడే అసలు వినోదం ఉన్నది. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని నిర్ణయించవలసిన విషయమిది.

తులసికి వెదకనవసరం లేదు. విష్ణుచిత్తునికి గోదాదేవి దొరికినది తులసివనంలో. కనుక కృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద' అచ్చట ఉండవలసినదే. పారిజాతం ఉన్న ఇంట నంది తిమ్మన 'పారిజాతాపహరణం' ఉండాలి. మొల్ల మల్లెజాతి పూవు, ఆ పేరు పెట్టుకున్న కవయిత్రి రామాయణం వ్రాసింది. కాబట్టి ఆ తీగ మొదట 'మొల్ల రామాయణం' నాటితే పూవు పేరూ, కవి పేరూ, కావ్యం పేరూ ఒక్క పలకమీద కుదురుతవి. రాత్రివేళ పూచి వీధంతా పరిమళించే రేరాణికి తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' కంటే తగినదేది?

కొన్నిటికి పోలిక చూచి పెట్టవచ్చు. నాగజెముడు పడగలు విప్పినట్లుంటుంది, విశ్వనాథవారి 'వేయిపడగలు' దానికి సరి. చేదుగా ఉండి మేలు చేసే కాకరపాదుకు వేమన శతకం. చిటికెడంత ఉండి ఇంటిల్లిపాదినీ హడలెత్తించే పచ్చిమిరపకు ముళ్ళపూడివారి 'బుడుగు' అంటే పిల్లలు ఎగిరి గంతులు వేస్తారు. అప్పుడే మొలకెత్తుతున్న నారుమడికి 'పెద్ద బాలశిక్ష' తప్ప మరేమి పెడతాము? ఇక తోటకూర, పాలకూర, మెంతి, బచ్చలి వంటి ఆకుకూరలకు వేరువేరు పుస్తకాలు వెదకడం వృథాశ్రమ. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు సంకల్పించిన విజ్ఞాన సర్వస్వం తలచుకొని, ఒకే రంగు అట్టతో మొదటి సంపుటం, రెండవ సంపుటం అని వరుసగా చేస్తే మడి చివరనుంచి చూచినప్పుడు బీరువాలోని అర లాగే ఉంటుంది.

చేసే విధానం

మూసిన పుస్తకం చేయడం అన్నిటికంటే సులువు. 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు, ముప్పావు అంగుళం మందం గల చెక్కముక్క కావాలి. కార్ఖానాలు పారవేసే పాకింగు పెట్టెల చెక్క చాలును, వడ్రంగిని అడిగితే కోసియిస్తాడు. పొడవువైపు ఒక అంచును గరుకుకాగితంతో రుద్ది గుండ్రం చేయాలి. అది పుస్తకం వీపు. తక్కిన మూడు అంచులూ కాగితాల వైపు. చెక్క అంతటికీ ఒకపూత ప్రైమరు వేసి ఆరనిచ్చి, మూడు అంచులకు వెన్నరంగు వేసి, ఆరిన తర్వాత సన్నని పెన్సిలుతో దగ్గరదగ్గరగా గీతలు గీస్తే పేజీలు పేర్చినట్లే కనబడుతుంది. అట్టకు, వీపుకు ముదురు ఆకుపచ్చగాని నీలంగాని ఎనామెలు రంగు రెండుపూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి ఆరనివ్వాలి. ఎరుపు చూడముచ్చటగా ఉంటుంది గాని, చవకరకం ఎరుపు ఎండకు త్వరగా వెలిసిపోతుంది.

తెరిచిన పుస్తకానికి అల్యూమినియం రేకు మేలు. 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు రేకును నడుమ మడిచి, అంచులు వెనక్కు మడత పెట్టాలి. లేకపోతే చిన్నవాళ్ళ వేళ్ళు తెగుతవి. ఎడమ పేజీలో పుస్తకం పేరు, కుడి పేజీలో మొక్క పేరు. మెత్తని రేకైతే సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి వ్రాస్తే అక్షరం పల్లంగా పడి వానకు చెరగదు.

మూడవది రాతిపుస్తకం. మనకు దగ్గరలోని జిగణిలో రాళ్ళు కోసి మెరుగుపెట్టే కార్ఖానాలు ఉన్నవి. అక్కడ మిగిలిపోయే నల్లరాతి తునకమీద తెల్ల ఎనామెలుతో వ్రాస్తే పాతకాలపు పలకమీద సుద్దతో వ్రాసినంత అందంగా ఉంటుంది. దీనికి చెదలు లేదు, కాళ్ళు అక్కరలేదు. కుండీకి ఆనించి నిలబెడితే చాలును.

చెక్కపుస్తకానికి మాత్రం కాళ్ళు కావాలి. చెక్కనే నేలలో గుచ్చరాదు. తడీ గాలీ రెండూ తగిలే చోట, అనగా సరిగా నేలమట్టం దగ్గర, చెక్క మొదట కుళ్ళుతుంది. అందుకని అడుగుభాగంలో రెండు రంధ్రాలు వేసి, అడుగు పొడవుగల రెండు లావుపాటి అల్యూమినియం కడ్డీలు జిగురుతో బిగించాలి. ఒక్క కడ్డీ అయితే గాలికి పలక గిర్రున తిరుగుతుంది. పలక అడుగు అంచు నేలకు నాలుగైదు అంగుళాల పైన ఉండాలి, లేకపోతే వానకు మన ఎర్రమట్టి చింది అక్షరాలు కప్పుతుంది. కుండీలో అయితే మొదలు దగ్గర కాక, అంచువార గుచ్చితే వేళ్ళు తెగవు. బోరునీళ్ళు పోసే ఇళ్ళలో పలకలమీద తెల్లని ఉప్పుచారలు పడుతవి. చెక్క, రేకు పలకలను నిమ్మచెక్కతో రుద్ది కడిగితే పోతవి. రాతికి పులుపు తగిలితే మెరుగు పోవచ్చు, దానిని తడిగుడ్డతో తుడిస్తే చాలును.

ఒక హెచ్చరిక. అటకమీద ఏనాటిదో మిగిలిన రంగుడబ్బా దించి పిల్లల చేతికి ఇవ్వకండి. పూర్వపు రంగులలో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ళకు వాడే రంగులలో అది మిలియనుకు 90 పాళ్ళు దాటరాదనే నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. కొత్త డబ్బా కొని, సీసం గురించి దానిపై ఏమి వ్రాసి ఉన్నదో చూచుకొని వాడడం క్షేమం.

అక్షరాల సంగతి

ఇంగ్లీషు పేరు వ్రాయడానికి ఒక గీత జాగా చాలును. తెలుగుకు చాలదు. పైన గుడులు, క్రింద ఒత్తులు ఉన్నవి. 'ఆముక్తమాల్యద'లో క్రింద రెండు ఒత్తులు వ్రేలాడుతవి. కనుక అక్షరం ఎత్తు అర అంగుళమైతే వరుసకూ వరుసకూ మధ్య మరొక అర అంగుళం విడువాలి. పెన్సిలుతో ముందు గీచుకొని, తర్వాత 1వ నెంబరు కుంచెతో దిద్దాలి. దుకాణాలలో దొరికే మార్కరు పెన్నులలో చాలారకాలు ఎండకు కొద్ది నెలలలోనే పాలిపోతవి.

పుస్తకం పేరు క్రింద మొక్క తెలుగు పేరు, దాని క్రింద కన్నడలో అదే మొక్క పేరు వ్రాయాలని మా సలహా. ఇది ఇరుగుపొరుగువారిపట్ల మర్యాద కోసం మాత్రమే కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లిబిడ్డలు. 13, 15 శతాబ్దాల మధ్య క్రమంగా విడిపోయినవని లిపి శాస్త్రజ్ఞులు చెబుతారు. గ, ద, న, ర, ల వంటి అక్షరాలు ఈనాటికీ చాలా దగ్గరగా ఉంటవి. తలకట్టు తీరులో తేడా. క, త, శ వంటి కొన్నిటినే ప్రత్యేకంగా నేర్చుకోవాలి. మల్లె క్రింద మల్లిగె, సంపెంగ క్రింద సంపిగె, కనకాంబరం క్రింద కనకాంబర వ్రాసి ఉంటే బడిలో కన్నడం చదివే పిల్ల క్రింది వరుస చదివి పై వరుసను తానే పట్టుకుంటుంది. బెంగుళూరు తెలుగు బిడ్డలకు తెలుగు చదువు నిజానికి సగం వచ్చేసి ఉన్నది. దానిని మనం గుర్తించడం లేదు, అంతే.

మొక్క పేరు వ్రాసేటప్పుడు మరొక మాట. మన కుటుంబాలలో కొందరు కోస్తానుంచి, కొందరు రాయలసీమనుంచి, కొందరు తెలంగాణమునుంచి వచ్చారు. హోసూరు, ఆనేకల్లు ప్రాంతాలలో తరతరాలుగా ఉన్నవారూ ఉన్నారు. ఒక ఇంట వేరుశనగ, ఒక ఇంట చెనిక్కాయ, ఒక ఇంట పల్లి. ఒకరి గోంగూర మరొకరికి పుంటికూర. ఒకరి ఆనపకాయ మరొకరికి సొరకాయ. ఏది శుద్ధమైన మాట అని తగవు పెట్టుకోనక్కరలేదు. ఆ ఇంటి అమ్మమ్మ ఏ మాట అనేదో ఆ మాటే పలకమీదకు ఎక్కాలి. నిఘంటువులో ఉన్న మాట ఎక్కడికీ పోదు. అమ్మమ్మ నోటిమాట ఆమెతోనే పోతుంది.

పలక వెనుకవైపు ఖాళీగా వదలవద్దు. నాటిన తేది, విత్తనమో అంటో ఇచ్చినవారి పేరు వ్రాయవచ్చు. వీపుమీద గ్రంథాలయంలో వలె ఒక నెంబరు వేసి, ఒక నోటుబుక్కులో నెంబరు, మొక్క పేరు, పుస్తకం, రచయిత అని నాలుగు గడులు గీయించండి. మాబోటి గుమాస్తాలకు రిజిష్టరు లేనిదే తృప్తి ఉండదని నవ్వుకున్నా సరే, ఆ గడులు నింపేది పిల్లలైతే నెల తిరిగేసరికి వారి చేత నాలుగు పేజీల తెలుగు వ్రాయించినట్లే.

అన్నీ ఒకేసారి చేయనక్కరలేదు. మొదట అయిదు మొక్కలు ఎంచుకొని ఒక ఆదివారం చెక్కపని, రెండవ ఆదివారం రంగులు, మూడవ ఆదివారం అక్షరాలు పెట్టుకుంటే సరిపోతుంది. పెద్దవాన పట్టకముందే, మే నెలలోపల, పూర్తిచేసుకుంటే రంగు గట్టిపడుతుంది. ఇంట్లో ఉన్న పుస్తకాలనే ముందుగా ఎంచుకోండి. పలకమీద వేసిన నెంబరే బీరువాలోని అసలు పుస్తకానికీ ఒక చీటీమీద వ్రాసి అతికించండి.

పలకను చూచిన పిల్లవాడు ఏదో ఒకనాడు పారిజాతాన్ని ఎవరు ఎత్తుకొనిపోయారని తప్పక అడుగుతాడు. ఆ వేళ పని ఉన్నదని, రేపు చెబుతానని అనకుండా, నెంబరు చూచి బీరువా తెరిచి పుస్తకం వాడి ఎదుట పెట్టి ప్రక్కన కూర్చోవలసిన బాధ్యత మాత్రం మన పెద్దలది.