మందు కొట్టు యంత్రమునకు తగిన ఇంధనము

వీపున మోసికొని పైరునకు మందు కొట్టు యంత్రములలో పెక్కింటికి టూ స్ట్రోక్ ఇంజనులే యున్నవి. వీనిలో నూనెకు వేఱు తొట్టి లేదు. పెట్రోలుతో కలిసి లోనికేగు నూనెయే పిస్టనునకును, బేరింగులకును కందెన యగును. వట్టి పెట్రోలు పోసినచో లోహము లోహముతో నొరసికొని, వేడెక్కి, పిస్టను బిగిసిపోవును.

కొలత యెంత? యంత్రముతో వచ్చిన పుస్తకము చెప్పినంత. 25కు 1 అనిన లీటరునకు 40 మిల్లీలీటర్లు; 50కి 1 అనిన 20. నూనె తక్కువైన యంత్రము చెడును. ఎక్కువైన పొగ హెచ్చి ప్లగ్గునకు మసి పట్టును. ఇందులకు టూ టీ నూనెయే తగును. ట్రాక్టరు ఇంజను నూనె ఇట్లు కాలుటకై చేయబడినది కాదు. అధిక వెల గల పెట్రోలు పోసినంత మాత్రమున ఈ చిన్న ఇంజనునకు బలము పెరుగదు.

మఱియొక జాగ్రత్త. 2025 నాటికి మన దేశపు పెట్రోలున నూటికి 20 పాళ్ల వఱకు ఇథనాలు కలుపుట వచ్చినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నిలువ యుంచగా నీరు మితిమీరినచో, ఆ నీరును ఇథనాలును అడుగునకు దిగును. నూనె పెట్రోలుతో పైననే నిలుచును. అప్పుడు ఇంజనునకు ముందుగా నందునది కందెన లేని యడుగు ద్రవమే. కావున కావలసినంతయే కలుపుడు. పని ముగియగనే ట్యాంకును ఖాళీ చేయుడు. పురుగు పట్టిన దినమున యంత్రము మొరాయించిన, పైరు మన కొఱకు వేచియుండదు గదా!