పులికి ఇల్లెక్కడ ఆంటీ?

‘జూపార్కులో ఉద్యోగం’ అనగానే ఎవరైనా అడిగే మొదటి మాట ఒక్కటే. “అయితే పులికి మీరే తిండి పెడతారా?” లేదండీ. పులికీ నాకూ మధ్య ఎప్పుడూ ఒక కందకం, ఒక ఇనుప కంచె, దాన్ని సొంత బిడ్డలా చూసుకునే కీపరూ ఉంటూనే వచ్చారు. నా పనంతా పిల్లలతోనే. మొదట్లో చిన్న రైలు దగ్గర టికెట్లు చింపి, పిల్లల్ని ఎక్కించి దించడం. తర్వాత విచారణ గదిలో మైకు ముందు కూర్చోవడం. రెండూ కలిపితే ఇరవై ఏళ్లు దాటాయి. ఇంట్లో ఇద్దర్ని పెంచి నేర్చుకున్నదాని కంటే అక్కడ నేర్చుకున్నదే ఎక్కువంటే మా పిల్లలు మూతి ముడుస్తారు గానీ, ఉన్నమాటే.

మాది లాల్‌దర్వాజా. పాతబస్తీ గల్లీలు తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక గదిలో ఆరుగురు, మేడ మీద బట్టలు ఆరేసే తీగ, ఆడుకోవడానికి గుమ్మం ముందు నాలుగు అడుగుల చోటు. అలాంటి ఇళ్లలోని పిల్లలకు బహదూర్‌పురాలోని జూ అంటే జంతువుల కంటే ముందు ‘జాగా’. 380 ఎకరాల జాగా! పరుగెత్తితే ‘ఏయ్, ఎటు పోతున్నవ్’ అనేవాళ్లు లేని జాగా. పక్కనే మీరాలం చెరువు. రెండు వందల ఏళ్లనాటి ఆ చెరువు కట్ట ఇరవయ్యొక్క కమాన్లను పక్కపక్కన నిలబెట్టినట్టు ఉంటుంది. సాయంత్రం అటు నుంచి గాలి వీస్తే, పొద్దుట్నుంచీ బుర్ఖాలో చెమటోడుస్తూ పిల్లల వెంట తిరిగిన తల్లులు కూడా ఓ చెట్టు కింద చేరి హాయిగా కాళ్లు చాపుకుంటారు.

1963 అక్టోబరు 6న దీన్ని జనానికి తెరిచారు. అంతకు ముందు జంతువులన్నీ బాగే ఆమ్‌లో, అదే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. ఇప్పుడంటే రామోజీ ఫిల్మ్‌సిటీ ఉంది, వండర్‌లా ఉంది. ఆ టికెట్ల ధరలు విని గుడ్లు తేలేసే కుటుంబాలకు మాత్రం పండగంటే ఇప్పటికీ జూపార్కే, అన్నం డబ్బాలే, చిన్న రైలే.

పిల్లలకు ముందు కోపం వచ్చేది సింహం మీద. సఫారీ 1974 నుంచీ ఉంది. జాలీ బిగించిన బస్సులో ఊపిరి బిగబట్టుకుని వెళ్తారు. తీరా చూస్తే మహారాజు చెట్టు కింద వెల్లకిలా పడి నిద్ర! “టికెట్ తీసుకున్నాక కూడా కైకు సోతా ఆంటీ?” అని నన్ను నిలదీసిన పిల్లలు ఎంతమందో. సింహం రోజుకు ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుందని చెబితే ఓ పిల్లాడు తండ్రి వైపు తిరిగి, “అబ్బా, ఆపు బీ షేర్!” అన్నాడు. ఆ తండ్రి రాత్రంతా ఆటో తిప్పి వచ్చినవాడు. బస్సులోనే కునికిపాట్లు పడ్డాడట పాపం.

నిశాచర జంతువుల గది దగ్గర ఇంకో రకం ముచ్చట్లు. అక్కడ దీపాలతో పగలును రాత్రి చేస్తారు, రాత్రిని పగలు చేస్తారు. దాంతో దేవాంగపిల్లి లాంటివి మనం వెళ్లిన వేళకు మేలుకొని, బండి లైట్లంత కళ్లేసుకుని తిరుగుతుంటాయి. ఒకసారి ఆరేళ్ల పాప బయటికొచ్చి నా కొంగు పట్టుకుంది. “మా నానమ్మకు రాత్రి నిద్ర పట్టదు. ఇందులో పడుకోబెడితే పగలు నిద్రపోతదా?” అని గుసగుసగా అడిగింది. పెద్ద డాక్టర్లకు కూడా రాని ఆలోచన! “నానమ్మను జూలో పెడితే అన్నమెవరు పెడతరు బిడ్డా?” అన్నాను. కాసేపు ఆలోచించి, “నేనూ ఉంట” అంది.

రంజాన్ మర్నాడు, ఇక్కడి వాళ్లు బాసీ ఈద్ అంటారే, ఆ రోజు చూడాలి మా రైలు దగ్గర! కొత్త జుబ్బాలు, తళుకుల గాగ్రాలు, మోచేతుల దాకా మెహెందీ, పిడికిట్లో ఈదీ డబ్బులు. పెద్దవాళ్లు ఇచ్చిన ఆ పది, ఇరవై రూపాయల నోట్లకు పిల్లల చేతి చెమటతో ఒక వాసన వస్తుంది. అలాంటి ఒక రోజు పదకొండేళ్ల పిల్లాడు నలుగురు చిన్నవాళ్లను వెంటేసుకుని వచ్చాడు. చిల్లరంతా గట్టు మీద పోసి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. నాలుగు టికెట్లకే వచ్చాయి. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఎక్కించి, తను పక్కకు జరిగి నిలబడ్డాడు. చిన్న చెల్లి ఏడుపు మొదలుపెట్టింది, అన్న రాకపోతే తనూ దిగిపోతానని. వాడేమో గంభీరంగా, “మేరెకు నక్కో. రైల్ మే చక్కర్ ఆతా” అన్నాడు. కళ్లు మాత్రం పెట్టెలను వదల్లేదు.

జాలిపడి ‘ఊరికే ఎక్కు’ అంటే ఎక్కే రకం కాదు వాడు. అది ముఖంలోనే తెలుస్తోంది. మా గార్డు అన్న వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, “జెండా ఊపడానికి మనిషి తక్కువ పడ్డాడు. పనిచేస్తవా?” అన్నాడు. పని అనేసరికి వాడు వచ్చాడు. పచ్చజెండా పట్టుకుని చివరి పెట్టెలో నిటారుగా కూర్చుని, ఒక్కసారి కూడా నవ్వకుండా డ్యూటీ చేశాడు. దిగాక జెండా మడిచి అప్పగించాడు. మరుసటేడు అదే పండక్కి మళ్లీ వచ్చాడండీ! ఐదు టికెట్ల డబ్బు ముందే విడిగా కట్టి, గుడ్డలో ముడివేసుకుని తెచ్చాడు. టికెట్లు తీసుకుని, “ఆజ్ ఝండా కోన్ హిలారే?” అని మాత్రం అడిగాడు.

విచారణ గదికి మారాక నాకు దొరికినవి తప్పిపోయిన పిల్లలు. పండగ రోజుల్లో ఐదారుగురైనా వస్తారు. పిల్లలు తప్పిపోవడం కాదు, ‘అమ్మే తప్పిపోయింది’ అని చెప్పేవాళ్లే ఎక్కువ. ముందు నీళ్లు తాగించాలి, తర్వాత బిస్కెట్. ఏడుస్తున్న పిల్లను పేరు అడగకూడదు. ‘ఏనుగును చూశావా’ అని అడగాలి. దాని గురించి చెబుతూ చెబుతూ ఊపిరి కుదుటపడ్డాక, అప్పుడు పేరు.

నాన్న పేరు చెబుతారు. స్కూల్లో అదే కదా నేర్పేది. అమ్మ పేరు? నూటికి ఎనభై మంది నా ముఖం వింతగా చూస్తారు. “అమ్మీ” అంటారు, “మమ్మీ” అంటారు, “అమ్మ పేరు అమ్మే” అని కోప్పడతారు. హిందువులా ముస్లిములా అని లేదు, అందరి ఇళ్లలోనూ ఇంతే. ఎంతమంది తల్లులు ఉరుక్కుంటూ వచ్చారో, వాళ్లందరినీ నేను ఎవరో ఒకరి భార్యగానే మైకులో పిలిచాను. మా ఆయన పేరు తప్ప నా పేరు మా వీధిలో ఎంతమందికి తెలుసో అప్పుడే లెక్కపెట్టుకున్నాను. మీరూ ఓసారి లెక్కపెట్టండి, సరదాగా.

ఒక బాసీ ఈద్ నాడు నాలుగేళ్ల పిల్ల దొరికింది. నాన్న పేరు ‘అబ్బా’, ఇల్లు ‘మసీదు పక్కన’. పాతబస్తీలో మసీదు పక్కన అంటే ఎక్కడని వెతుకుతాం? అమ్మ ఎలా ఉంటుంది అంటే “నల్ల బుర్ఖా” అంది. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా నల్ల బుర్ఖాలే. వెంట వచ్చిన మగ పోలీసు తల పట్టుకున్నాడు. నేను కింద కూర్చుని, “అమ్మ చెప్పులెట్లుంటయ్?” అని అడిగాను. ఆ ఎత్తు పిల్లలకు లోకంలో ముందు కనబడేవి కాళ్లే కదా! వెంటనే చెప్పింది. నీలం చెప్పులు, ఒకదాని మీద ఎర్ర పువ్వు ఉంది, రెండోదాని మీద పువ్వు ఊడిపోయింది. అమ్మ కాలి వేలికి పట్టీ కూడా ఉందట, బిందె మీద పడి దెబ్బ తగిలిందట.

మైకులో ఉర్దూలోనూ తెలుగులోనూ అలాగే చెప్పాను. ఒక చెప్పుకే ఎర్ర పువ్వున్న తల్లి, వేలికి పట్టీ కట్టుకున్న తల్లి విచారణ గదికి రావాలి అని. ఆ సంగతి తర్వాత నలుగురూ చెప్పారు, జూలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి తమ కాళ్లు చూసుకున్నారట! పావుగంటలో ఆమె కుంటుకుంటూ వచ్చింది. పిల్ల ముఖం చూడలేదు. నేరుగా వంగి ఆ చెప్పును పట్టుకుంది. తల్లికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ముసుగు తీసి పిల్లను అదుముకుని, ఏడ్చి ఏడ్చి, చివరికి చెప్పుల వంక చూసుకుని ఫక్కున నవ్వేసింది. వెళ్లేటప్పుడు నేను పాపకు అమ్మ పేరు మూడుసార్లు చెప్పించాను. చిన్న ఉపాయం చెబుతాను, వింటారా? జాతరకైనా జూకైనా బయల్దేరే ముందు చీటీ మీద అమ్మ పేరు, ఫోన్ నంబరు రాసి పిల్లల జేబులో పెట్టి పిన్నీసు గుచ్చండి. ఆ ఉదయం పిల్లలకు ఏ రంగు బట్టలు వేశారో కూడా గుర్తుపెట్టుకోండి. గాభరాలో ఎంతటివారైనా మరిచిపోతారు.

2015 జనవరిలో పాతబస్తీలో పోలీసులు సోదాలు చేసి, గాజుల కార్ఖానాల్లో పనిచేస్తున్న రెండు వందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహారు వాళ్లు. పేపర్లో ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. లాడ్‌బజారులో మనం బేరమాడి తొడుక్కునే లక్కగాజుల మీద రాళ్లు అతికేది ఎవరి వేళ్లో ఆ రోజు చాలామందికి తెలిసింది. ఆ తర్వాత ఒకసారి, అలాగే పనిలోంచి బయటపడ్డ పిల్లల్ని ఓ ఇరవై మందిని స్వచ్ఛంద సంస్థ వాళ్లు జూకి తీసుకొచ్చారు. పది, పన్నెండేళ్ల మగపిల్లలు. ఇరవై మంది వచ్చినా చప్పుడు లేదు. అంత నిశ్శబ్దంగా ఉన్న పిల్లల గుంపును నేను అంతకు ముందు చూడలేదు. వేళ్ల చివర్లు జిగురుకూ వేడికీ గట్టిపడి పెంకు కట్టాయి. చార్మినార్‌కు కూతవేటు దూరంలో నెలల తరబడి ఉండి కూడా, చార్మినార్‌ను మొన్ననే చూశామన్నారు.

రైలెక్కించడానికి నన్నూ పిలిచారు. ఒకడు కమ్మీ పట్టుకుని అడిగాడు. “ఈ రైలు ఎక్కడికి పోతుంది?” తిరిగి ఇక్కడికే వస్తుందన్నాను. “పట్నా పోదా?” అన్నాడు. పక్కవాడు వాడి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. అందరూ గొల్లుమన్నారు. అదే వాళ్ల నోటి నుంచి వచ్చిన మొదటి చప్పుడు. ఇక ఆపతరం కాలేదు. రైలు దిగేసరికి మామూలు పిల్లలైపోయారు. తోసుకోవడం, చెప్పులు విసురుకోవడం, కోతులను వెక్కిరించడం. అరవొద్దని మా వాళ్లెవరూ ఆ రోజు అనలేదు.

పులి దగ్గర మాత్రం అందరికంటే చిన్నవాడు చాలాసేపు నిలబడిపోయాడు. “దీని ఇల్లెక్కడ ఆంటీ?” అన్నాడు. ఇది ఇక్కడే పుట్టిందేమో, అన్నాను. “దీన్ని ఎప్పుడు పంపిస్తారు?” రోజుకు వంద ప్రశ్నలకు జవాబు చెప్పే నోరు నాది. ఆ పూట మూతపడింది. దీనికి బయట అడవిలో వేటాడటం రాదనీ, వదిలితే బతకదనీ నిజమే చెప్పాను. వాడు నా మాట నమ్మినట్టు లేదు. “అయినా అడిగి చూడండి దాన్ని” అని, వాళ్ల గుంపులోకి పరుగెత్తాడు. వాళ్లందర్నీ వాళ్ల ఊళ్లకు పంపించడానికి కాగితాలు సిద్ధమవుతున్నాయని వెంట వచ్చిన అమ్మాయి చెప్పింది. ఆ రాత్రి ఇంట్లో గాజుల పెట్టె తెరిచి, చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కరోనా రోజుల్లో జూ మూసేశారు. 2021 మే నెలలో ఇక్కడి ఎనిమిది సింహాలకు కరోనా సోకిందని దేశమంతా చెప్పుకున్నారు. అవి కోలుకున్నాయి. ఆ జూన్‌లోనే రాణి పోయింది. రాణి మా ఆడ ఏనుగు, 83 ఏళ్లది. జూ పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపులోనూ, మా బోనాల ఊరేగింపులోనూ నడిచిన ఏనుగు. పాతబస్తీలో ఏ మతం వాళ్లనడిగినా ‘మా రాణి’ అనేవాళ్లే.

గేట్లు తెరిచాక నాకు పని అదే అయింది. పిల్లలొచ్చి “రాణీ ఏదీ?” అంటారు. పెద్దవాళ్లు నా వైపు సైగ చేస్తారు, ఊరెళ్లిందని చెప్పమని. నేను చెప్పలేదు. ముసలిదైపోయింది, చనిపోయింది అనే చెప్పాను. పిల్లలు మనం అనుకున్నంత బెంబేలు పడరు. ఎక్కడ పూడ్చారు, అంత గుంత ఎవరు తవ్వారు, దంతాలున్నాయా, అని అడుగుతారు. ఆడ ఏనుగుకు బయటికి కనిపించే పెద్ద దంతాలుండవని అప్పుడే చెప్పేదాన్ని. ఆ తర్వాత 2024 మార్చిలో 125 ఏళ్ల గాలాపాగోస్ తాబేలు పోయినప్పుడూ ఇదే తంతు.

అలా ఒక సాయంత్రం ఐదేళ్ల కొడుకును తీసుకుని ఒకావిడ వచ్చింది. దబీర్‌పురా వాళ్లట. రాణి సంగతి పిల్లాడికి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడే అందుకుంది. “నేను వీడంత ఉన్నప్పుడు ఊరేగింపు మా గల్లీలోంచే పోయేది. మేడ మీద జాలీ పట్టుకుని నిలబడితే రాణి కన్ను సరిగ్గా నా కన్ను ఎత్తుకు వచ్చేది. ఒక్క క్షణం నన్నే చూసి ముందుకు పోయేది” అంది. పిల్లాడు ఖాళీగా ఉన్న ఆవరణ వైపు చూసి, మళ్లీ తల్లి వైపు చూశాడు.

“నీ పేరు తెలుసా దానికి?” అన్నాడు.

“తెలుసేమో” అంది ఆవిడ.