పాత హార్డ్ డిస్క్ పారేస్తున్నారా? ఆగండి, అందులో రెండు మ్యాగ్నెట్లు ఉన్నాయి!

మీ ఇంట్లో పని చేయని పాత హార్డ్ డిస్క్ ఉందా? స్క్రాప్‌కి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి. (ఎస్ఎస్‌డీ అయితే వద్దు, అందులో మనకి పనికొచ్చేది ఏమీ ఉండదు.) మా అటక మీద పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన 3.5 అంగుళాల డిస్క్ ఒకటి ఏళ్ల తరబడి పడి ఉంది. పోయిన నెల విప్పాను. అప్పట్నుంచి కనిపించిన ప్రతి వస్తువుకీ మ్యాగ్నెట్ అతికించే పిచ్చి పట్టింది నాకు.

విప్పడానికి మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు. నక్షత్రం ఆకారంలో ఉండే టోర్క్స్ బిట్లు కావాలి, సాధారణంగా టీ8, టీ6. స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే స్టిక్కర్ మీద వేలితో నొక్కి చూడండి, కింద ఒకటి దాక్కుని ఉంటుంది. లోపల రీడింగ్ చేతిని అటూ ఇటూ కదిలించే మూలలో, ఇనుప ప్లేట్లకి అంటించిన మ్యాగ్నెట్లు కనిపిస్తాయి. సాధారణంగా రెండు ఉంటాయి. ప్లేటు నుంచి ఊడదీయాలని సుత్తి పట్టుకోకండి. ఇవి పింగాణీలా పెళుసు, ముక్కలు కంట్లోకి ఎగురుతాయి. నన్నడిగితే ప్లేటుతోనే ఉంచేయడం మేలు. ఆ ప్లేటుకి ముందే రంధ్రాలుంటాయి కాబట్టి నేరుగా గోడకో చెక్కకో స్క్రూ బిగించేయొచ్చు.

ఇంత చిన్న ముక్కకి అంత బలం ఎక్కడిదంటే, అది నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసిన మ్యాగ్నెట్. 1980ల మొదట్లో జపాన్‌లో సుమిటోమో తరఫున మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు విడివిడిగా దీన్ని తయారు చేశారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కనిపించే ఎన్35, ఎన్52 అనేవి బలాన్ని చెప్పే గ్రేడ్లు. అంకె పెద్దదైతే బలం ఎక్కువ.

మొదటి ప్రయోగం వంటింట్లో. పోపు డబ్బాలని గోడకి వేలాడదీద్దాం అనుకున్నా. ఒక్కటీ అంటుకోలేదు! మంచి స్టీలు సామాన్లలో ఎక్కువగా వాడే 304 రకం స్టీలుని మ్యాగ్నెట్ పెద్దగా పట్టదు. (గిన్నె ఇండక్షన్ స్టవ్ మీద పని చేస్తుందో లేదో తేల్చే పరీక్ష కూడా ఇదే. అడుగున మ్యాగ్నెట్ గట్టిగా అంటుకుంటే పని చేసినట్టే.) అమ్మ నవ్వింది గానీ, ఆ అంటుకోని ప్లేటే చివరికి నాకు బాగా పనికొచ్చింది. టేబుల్ మీద మ్యాగ్నెట్ పెట్టి, దాని మీద ఆ ప్లేటు బోర్లించి, పైన స్క్రూలు వేయండి. ఒక్కటి కూడా దొర్లదు. ప్లేటు ఎత్తేస్తే అన్నీ వదిలేస్తాయి. ఫోన్ విప్పేటప్పుడు స్క్రూలు పోగొట్టుకున్నవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

రోజూ వాడుతున్నది మాత్రం బీరువా పక్కన ఫోన్ స్టాండ్. ఐఫోన్ 12 నుంచి చాలా మోడల్స్‌లో మ్యాగ్‌సేఫ్ ఉంది కాబట్టి వాళ్లకి తేలిక. మిగతావాళ్లు బ్యాక్ కవర్‌లో పల్చటి ఇనుప ప్లేటు పెట్టుకోవచ్చు, కానీ వైర్‌లెస్ ఛార్జింగ్ వాడేవాళ్లు మాత్రం వద్దు, ప్లేటు వేడెక్కుతుంది. మ్యాగ్నెట్ కెమెరాకి దూరంగా, ఫోన్ కింది సగంలో ఉండాలి. నేను మొదట పైన పెట్టాను. వీడియో తీస్తుంటే బొమ్మ వణికింది. ఓఐఎస్ లెన్స్‌ని కదిలించేది కూడా మ్యాగ్నెట్లే మరి. దూరం జరపగానే సర్దుకుంది. స్టోరేజీకి, స్క్రీన్‌కి ఏమీ కాదు. కంపాస్ మాత్రం తప్పుతుంది, అప్పుడు ఫోన్‌ని గాల్లో 8 ఆకారంలో తిప్పండి.

అతికించడం దగ్గర రెండు మాటలు. మ్యాగ్నెట్ మీద నికెల్ పూత నున్నగా ఉంటుంది, ఉప్పుకాగితంతో కాస్త గరుకు చేసి ఎపాక్సీ వాడండి. గమ్ పెట్టేముందు ఏ వైపు ఏదో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. నేను ఒకటి తిరగేసి అతికించి, ఒకదాన్నొకటి తోసుకునే అల్మారా తలుపులు తయారు చేశాను! పొయ్యి దగ్గర వద్దు, మామూలు గ్రేడ్లు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి.

ఇక బాబాయ్ సంగతి. ఆయన కళ్లజోడు ఎప్పుడూ ఎక్కడో పెట్టి మర్చిపోతారు. చొక్కా జేబు లోపల ఒక మ్యాగ్నెట్, బయట హుక్ ఉన్న ఇంకొకటి, దానికి కళ్లజోడు తగిలించుకోవచ్చు. పండక్కి వచ్చినప్పుడు గిఫ్ట్‌లా ఇచ్చాను. "భలే ఉందిరా" అంటూ జేబు దగ్గరికి తీసుకెళ్తుండగా పిన్ని చేయి పట్టుకుని ఆపేసింది. "ఒరేయ్, మీ బాబాయ్‌కి పేస్‌మేకర్ వేశారు కదరా!"

నాకు తెలుసు. ఆపరేషన్ అప్పుడు హాస్పిటల్‌లో నేనూ ఉన్నాను. అయినా తట్టలేదు. బలమైన మ్యాగ్నెట్ దగ్గరికొస్తే పేస్‌మేకర్ గుండె లయని గమనించడం ఆపేసి, ఒకే వేగంతో కొట్టే మోడ్‌లోకి వెళ్తుంది. తీసేస్తే మామూలుగా తిరిగొస్తుంది. కానీ చొక్కా జేబులో అయితే రోజంతా అక్కడే ఉంటుంది కదా. ఐఫోన్, మ్యాగ్‌సేఫ్ వస్తువులనే ఇలాంటి పరికరాలకి 15 సెం.మీ., వైర్‌లెస్ ఛార్జింగ్‌లో ఉంటే 30 సెం.మీ. దూరంలో ఉంచమని యాపిల్ చెబుతోంది. ఆ రాత్రి ఫైఫాక్స్ యాప్‌తో ఆ చిన్న మ్యాగ్నెట్‌ని కొలిచాను. 5 సెం.మీ. దగ్గర 200 మైక్రోటెస్లా పైనే, 15 దాటాక దాదాపు మామూలుకి వచ్చింది. ఈ రీడింగ్ చూసి ధైర్యం తెచ్చుకోకండి, మీవాళ్ల డాక్టర్‌నే అడగండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో గోళీ సైజు మ్యాగ్నెట్లు అసలు వాడకండి. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో నొక్కేసి చిల్లు పెడతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. మింగారని అనుమానం వచ్చినా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి.

బాబాయ్ కళ్లజోడుకి ఇప్పుడు మెడలో తాడు కట్టాం. ఆ హుక్ మా బీరువాకి అంటుకుని బైక్ తాళాలు మోస్తోంది.