పరిహారం కేసులో వకీలు గెలిచేది ఎంత?

పనిలో చెయ్యి పోయినవాడికి ఫలానా లాయరు పద్దెనిమిది లక్షలు ఇప్పించాడంటే అదేదో లాటరీలా వినిపిస్తుంది. నిజానికి ఆ అంకె చాలావరకు చట్టంలోనే ఉంది.

ముప్పై ఏళ్ల లేత్ కార్మికుడిని తీసుకుందాం. పదిమంది కూడా లేని షెడ్డు, జీతం నెలకు 18,000. 2021లో చేతి బొటనవేలు తెగిపోయింది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద లెక్కకు తీసుకునే జీతం అప్పటికి గరిష్ఠంగా 15,000. అందులో 60 శాతం, అంటే 9,000ని వయసును బట్టి చట్టమే ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్లకు అది 207.98. మొత్తం 18,71,820 రూపాయలు. ఇది శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోయినవాడికి. బొటనవేలికి చట్టం పట్టిక కట్టిన విలువ 30 శాతం కాబట్టి ఇతనికి వచ్చేది 5,61,546. అతని చేతికందే జీతంతో పోలిస్తే 31 నెలల సంపాదన.

చనిపోతే 60కి బదులు 50 శాతమే, 15,59,850. ప్రాణానికి తక్కువా అని కోపం రావచ్చు. బతికినవాడు తానూ తినాలి, మందులూ కొనుక్కోవాలి; లెక్క వెనకున్న తర్కం అదే అనిపిస్తుంది.

మరి వకీలు చేసేదేమిటి? అసలు పోరు శాతం దగ్గర. ఒక చెయ్యి పోతే పట్టిక వంద శాతం ఇవ్వదు. కానీ సినిమా హాల్లో పనిచేస్తూ పడి ఎడమచెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం వంద శాతమేనన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1975లో సమర్థించింది. 2008లో కాలు పోయిన ట్యాంకర్ డ్రైవర్‌కూ అదే న్యాయం. డాక్టరు చెప్పేది ఒంటికి తగిలిన దెబ్బ గురించి. వకీలు నిరూపించాల్సింది ఆ దెబ్బతో పోయిన సంపాదన గురించి. మన లేత్ కార్మికుడి లెక్కలో 30కీ 100కీ మధ్య పదమూడు లక్షల తేడా.

రెండో పోరు, వీడు మా మనిషే కాదనే యజమానితో. జీతం చీటీ ఉండదు. ఫోన్‌పేలో వచ్చిన జమలు, ఆసుపత్రిలో చేర్చినప్పటి కాగితం, తోటివాళ్ల సాక్ష్యం అక్కడ పనికొస్తాయి. కాంట్రాక్టరు కింద చేసినా పని చేయించుకున్న అసలు యజమాని మీద వేయొచ్చు.

ఆలస్యమైతే? ప్రమాదం జరిగిన నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. మన కార్మికుడికి అది ఏటా 67,385. నెలకు 5,600 పైచిలుకు, చిన్న ఇంటి సరుకుల ఖర్చంత. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే అసలులో సగం దాకా జరిమానా కూడా. అప్పీలుకు హైకోర్టుకు వెళ్లాలన్నా యజమాని తీర్పు సొమ్ము ముందు జమ చేయాల్సిందే.

ఈఎస్ఐ కార్మిక బీమా ఉన్నవారికి ఈ దారి మూసుకుపోతుంది. వాళ్లకు అక్కడే నెలనెలా వస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి ఈ పరిహార నియమాలు సామాజిక భద్రత కోడ్‌లోకి చేరాయి. 50, 60 శాతాల లెక్క మారలేదు. డ్యూటీకి వెళ్లొచ్చే దారిలో జరిగే ప్రమాదాన్నీ అందులో రాశారు.

వకీలు ఫీజుకు భయపడి ఆగనక్కర్లేదు. పాత చట్టం కింద కార్మికుడి తరఫున రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి కూడా పరిహారం కేసులు విచారించే కమిషనర్ ముందు నిలబడొచ్చు. కేసు వేయడానికున్న రెండేళ్ల గడువు మాత్రం దాటనివ్వకండి.